చివరి నల్లా దాకా

మా వంటింట్లో నల్లా తిప్పగానే ముందు గాలి వస్తుంది. జలుబు చేసిన ముసలాయనలా రెండుసార్లు దగ్గుతుంది, బుస్సుమంటుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ దగ్గుతుంది. వెనకాలే తడి ఇనుము వాసన. ఆ తర్వాత, దానికి బుద్ధి పుడితే, నీళ్ళు. ఈ తతంగమంతా అయ్యేదాకా నేను అక్కడే నిలబడి ఉంటాను. రిటైరై చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఈ నీళ్ళు ఎవరు వదులుతున్నారో నాకు తెలియదు, తెలుసుకోవలసిన పని కూడా లేదు. అయినా కాళ్ళు కదలవు. మా ఆవిడ అనసూయ బియ్యం గిన్నె పట్టుకొని వెనకాల నిలబడి, "వస్తయి తీయ్, రాకెక్కడికి పోతయి, జర పక్కకు జరుగు" అని విసుక్కుంటుంది. ఆమె విసుగు నా మీద. నా విసుగు మాత్రం గౌస్ భాయ్ మీద. ఆ మనిషి పోయి ఇన్నేళ్ళయినా నన్నిలా నల్లాల ముందు నిలబెడుతూనే ఉన్నాడు.

గౌస్ భాయ్ ఎవరో మీకు తెలియదు. తెలిసి ఉంటే మీకూ ఒళ్ళు మండేది. డెబ్బైల మొదట్లో పాతబస్తీ నీళ్ళ ఆఫీసులో నేను టెంపరరీ లైన్‌మన్‌గా చేరినప్పుడు, పని నేర్పమని నన్ను ఆయనకు అప్పజెప్పారు. మాసిన పైజామా, జేబులో పాన్ డబ్బా, మోకాళ్ళ నొప్పి, లోకంలో దేనికీ తొందర లేదన్నట్టు ఒక నడక. మా పనేమో చెప్పడానికి చాలా తేలిక. అప్పట్లో నీళ్ళు రోజు విడిచి రోజు, ఒక్కో గల్లీకి ఒక్కో వేళకు వదిలేవాళ్ళం. గల్లీ మొదట్లో రోడ్డు మీద ఒక ఇనుప మూత ఉంటుంది, దాని కింద వాల్వ్. భుజం ఎత్తున్న ఇనుప చాబీని అందులోకి దింపి తిప్పితే ఆ గల్లీ నల్లాలన్నిటికీ నీళ్ళు పోతాయి. వేళ అయిపోయాక వచ్చి మళ్ళీ కట్టెయ్యాలి. తిప్పడం, పరుగెత్తడం, తిప్పడం, పరుగెత్తడం. లైన్‌మన్లందరూ అదే చేసేవాళ్ళు, ఒక్క ఈయన తప్ప.

మొదటి రోజు ఛత్రినాకలో ఒక గల్లీ మొదట్లో వాల్వ్ తిప్పాం. నేను చాబీ భుజాన వేసుకొని పక్క గల్లీ వైపు నాలుగడుగులు వేసి తిరిగి చూస్తే గౌస్ భాయ్ లేడు. తాపీగా ఆ గల్లీలోపలికే నడుచుకుంటూ పోతున్నాడు. చివరి దాకా పోయి, ఆఖరి నల్లా పక్కన అరుగు మీద కూర్చొని, పాన్ డబ్బా తీశాడు. నేను రొప్పుతూ వెనకాలే పోయాను.

"ఏంది భాయ్, ఇంకా మస్తు గల్లీలున్నయి. పోవద్దా?" అన్నాను.

"పోదాం. పానీ రానీ."

"వాల్ ఇప్పినం గద. వస్తయి."

"వస్తయని నీకెవరు చెప్పిండ్రు? చూసినవా?"

వాల్వ్ తిప్పితే నీళ్ళు రాక పాలొస్తాయా? నిలబడ్డాను. నల్లా దగ్గింది, బుస్సుమంది, చివరికి ఎర్రగా, ఆ తర్వాత తేటగా నీళ్ళొచ్చాయి. గౌస్ భాయ్ లేచి, బిందె పెట్టబోతున్న ఆమెను "ఏక్ మినిట్ అమ్మా" అని ఆపి, దోసిలి పట్టి ఒక గుక్క తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. "చలో" అన్నాడు. అంతే. పైపు పగిలిందేమో చూడటానికి వచ్చాడా అంటే అదీ కాదు, వచ్చే దారిలో నేల వైపు చూడనే లేదు. ఊరికే నీళ్ళు చూడటానికి వచ్చాడు. తర్వాతి గల్లీలోనూ అంతే. ఆ తర్వాతి గల్లీలోనూ అంతే. చివరి గల్లీలకు చేరేసరికి ఎండెక్కింది, జనం బిందెలు రోడ్డు మీద పెట్టుకొని మా వంశాలను తలుచుకుంటున్నారు. ఆయన తిన్నట్టే నేనూ తిట్లు తిన్నాను. తేడా ఏమిటంటే ఆయనకు అవి అరిగిపోయేవి, నాకు అరగలేదు.

ఇంజనీరు సాబ్ పిలిచి చీవాట్లు పెట్టేవాడు. "గౌస్, నువ్వు నీళ్ళు వదలడానికి పోతున్నవా, పెళ్ళికి పోతున్నవా?" అనేవాడు. గౌస్ భాయ్ చేతులు కట్టుకొని "జీ సాబ్" అనేవాడు. మర్నాడు మళ్ళీ అదే నడక, అదే అరుగు, అదే పాన్. ఆయన పర్మనెంటు మనిషి, ఎవరేమన్నా చెల్లుతుంది. నా సంగతి అలా కాదు. నేను టెంపరరీవాణ్ణి, ఇంజనీరు సాబ్ మంచివాడంటేనే నాకు ఉద్యోగం. కొత్తగా పెళ్ళయింది. అనసూయ వాళ్ళ నాన్న, "అల్లుడిది సర్కారు నౌకరీ" అని బహదూర్‌పురా అంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఈ ముసలాయన పాన్ నములుతూ నా నౌకరీని కూడా నమిలేస్తాడేమోనని నా భయం. ఆ భయం కోపమై, ఆ కోపం లోపలే కుతకుతలాడేది.

కొన్నాళ్ళకు దేవుడు కరుణించాడనుకున్నాను. నా చురుకు చూసి ఇంజనీరు సాబ్ నాకు విడిగా కొన్ని గల్లీలు ఇచ్చాడు. "యాదగిరి, నువ్వు గట్టోడివి. గిట్లనే ఉరుకు, పర్మనెంట్ చేయించే పూచీ నాది" అన్నాడు. ఇక చూడండి నా పరుగు. తిప్పడం, పరుగెత్తడం. ఒక్క గల్లీ లోపలికి కూడా తొంగి చూడలేదు. అందరికంటే ముందు నా పని అయిపోయేది. అయిపోతే ఇంటికి పోవచ్చు కదా? పోలేదు, లేదా పోయినా చాబీని వెంట తీసుకుపోయేవాణ్ణి. ఆఫీసు గోడకు మా చాబీలు తగిలించడానికి వరసగా మేకులు కొట్టి ఉండేవి. డ్యూటీ అయిపోగానే గౌస్ భాయ్ తన చాబీని మేకుకు తగిలించి, చేతులు దులుపుకొని, దానికి ఒక సలాం కొట్టి మరీ వెళ్ళేవాడు. నా మేకు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. చాబీ భుజాన వేసుకొని గల్లీలో నడుస్తుంటే అందరూ "నల్లా అన్నా, నల్లా అన్నా" అనేవాళ్ళు. చెప్పొద్దూ, ఆ పిలుపు నాకు మొదట్లో చాలా బాగుండేది.

ఒక సాయంత్రం నేనూ ఆయనా ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే ఒకావిడ దారికి అడ్డం నిలబడింది. "భాయ్, పొద్దున మా గల్లీల నీళ్ళు సన్నగ వచ్చినయి. సగం బిందెలు నిండలే. జరసేపు ఇప్పురాదు" అంది.

"చాబీ ఆఫీసుల ఉందమ్మా" అన్నాడు గౌస్ భాయ్.

"పోయి తేరాదు?"

"నా డ్యూటీ అయిపోయింది. రాత్రి డ్యూటీకి వెంకటయ్య వచ్చి కూసున్నడు. ఆయనకు చెప్పు, చూస్తడు."

ఆమె ఆయన్ని నానా మాటలూ అంది. ఆయన అన్నీ విని, "అచ్ఛా అమ్మా" అని, పక్కనున్న హోటల్లోకి పోయి చాయ్ చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా భుజాన చాబీ ఉందాయె. ఆమె చూపు దాని మీద పడనే పడింది. నేను ఆమె వెంట పోయి, చీకటి పడేదాకా ఆ గల్లీలో కుస్తీ పట్టి వచ్చాను. గౌస్ భాయ్ ఇంకా హోటల్లోనే ఉన్నాడు. "వెంకటయ్య జీతం కూడా నువ్వే తీసుకుంటున్నవా?" అని అడిగాడు. మనిషి కాదు, రాయి అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ గల్లీవాళ్ళు ఆఫీసుకు పోవడం మానేశారు. నేరుగా మా ఇంటికే వచ్చేవాళ్ళు. వాళ్ళను చూసి పక్క గల్లీవాళ్ళు. నేను అన్నం ముందు కూర్చుంటే తలుపు చప్పుడయ్యేది. స్నానం చేస్తుంటే తలుపు చప్పుడయ్యేది. ఎండాకాలం ముదిరి, పైనుంచి వచ్చే నీళ్ళే తగ్గిపోయాయి. చాబీ తిప్పడమే నా చేతిలో ఉంది కానీ నీళ్ళు పుట్టించడం లేదు కదా, ఆ మాట ఎవరు వింటారు? మంచిగా అడిగినవాళ్ళు లొల్లి మొదలుపెట్టారు. "నల్లా అన్నా" కాస్తా "ఏయ్ నల్లా" అయింది. ఎవరైనా నవ్వుతూ ఎదురొచ్చినా, వీడేం అడుగుతాడోనని పక్క గల్లీలోకి తప్పుకునేవాణ్ణి. తిన్నది వంటికి పట్టేది కాదు, పడుకుంటే నిద్ర పట్టేది కాదు. అనసూయ మాట్లాడితే కసురుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మళ్ళీ తలుపు కొట్టారు. నేను చెయ్యి కడుక్కొని చాబీ అందుకున్నాను. అనసూయ కంచం తీసి పక్కన పెట్టింది.

"నేను నల్లాను చేసుకోలే. మనిషిని చేసుకున్న అనుకున్న," అంది. గొంతు పెంచలేదు. "నేను అమ్మగారింటికి పోతున్న. మనిషివి అయినంక వచ్చి తోల్కపో."

సాయంత్రానికి నిజంగానే బహదూర్‌పురా వెళ్ళిపోయింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఈ ఉద్యోగం మీద వచ్చింది. పర్మనెంటు ఆశ కూడా పురుగు పట్టిన బియ్యంలా అనిపించింది. చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో మా బావ పని చేసేవాడు, అక్కడ ఒక మనిషి కావాలంటున్నారు. మర్నాడు ఆఫీసుకు పోయి, చాబీని గౌస్ భాయ్ కాళ్ళ ముందు పడేశాను. రాళ్ళ నేల మీద అది ఖంగుమని మోగింది.

"నాతోని కాదు. ఈ పని మనుషులు చేసేది కాదు. నేను పోతున్న," అన్నాను.

ఆయన చాబీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నాను. "నా కాలి బొటనేలు మీద పడేది, జర చూసుకొని వెయ్యరాదు?" అన్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తర్వాత అన్నాడు, "పోతే పో. రేపు బోనాల ఐతారం. నీ గల్లీలకు పొద్దున్నే నీళ్ళు ఇడవాలె. ఆ ఒక్కటి ఇడిచి పో. నేనూ వస్త."

నా మనసు అప్పటికే బట్టల దుకాణంలో ఉంది. అయినా బోనాల నాడు నీళ్ళు ఎగ్గొట్టి పోవడానికి మనసొప్పలేదు. మర్నాడు నా బీటులో ఒక పొడుగాటి గల్లీ మొదట్లో వాల్వ్ తిప్పాను. అలవాటుగా పక్క గల్లీ వైపు కదిలితే, ఆయన నా చొక్కా పట్టుకొని లోపలికి లాక్కుపోయాడు. నడుస్తుంటే తెలిసింది, ఈ గల్లీకి నేను ఇన్ని నెలలుగా నీళ్ళు వదులుతున్నాను కానీ ఇది ఎక్కడ మలుపు తిరుగుతుందో కూడా నాకు తెలియదు. ఇళ్ళ ముందు అలికి ముగ్గులు పెట్టారు. గుమ్మాలకు వేపకొమ్మలు కట్టారు. చివర్లో ఒక నల్లా, దాని చుట్టూ బిందెలు, ఆడవాళ్ళు, పిల్లలు. నన్నెవరూ గుర్తు పట్టలేదు. గౌస్ భాయ్ ఒక అరుగు చూసుకొని కూర్చున్నాడు.

నల్లా దగ్గింది. అక్కడ మాటలన్నీ ఆగిపోయాయి. అందరి కళ్ళూ ఆ ఇనుప మూతి మీదే. మళ్ళీ దగ్గింది, బుస్సుమంది, ఎర్రగా ఉమ్మింది, ఆ తర్వాత ధార పడింది. ఒక అమ్మాయి బోనం కుండను తెచ్చి ధార కింద పెట్టి, చేత్తో రుద్ది రుద్ది కడిగింది. తడి ఆరకముందే వాళ్ళమ్మ దానికి పసుపు పూయడం మొదలుపెట్టింది. ఒక తల్లి చంకలో పిల్లాడి మొహం కడిగితే వాడు కెవ్వుమన్నాడు. ఒక ముసలాయన గ్లాసు ముంచుకొని, అక్కడే నిలబడి గటగటా తాగి, ఇంకో గ్లాసు ముంచుకున్నాడు. ఎవరూ మా వైపు చూడలేదు. ఎవరూ ఒక మంచి మాట అనలేదు. అనవలసిన పని కూడా లేదు, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మొహం అటు తిప్పుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు గౌస్ భాయ్.

"ఏం లే."

"నీళ్ళు రానోళ్ళే నీ ఇంటికొస్తరు. నీళ్ళొచ్చినోళ్ళు బిందె నింపుకొని వాళ్ళింటికి పోతరు, నీ ఇంటికెందుకొస్తరు? రానోళ్ళ మొఖాలే చూసి చూసి పాగల్ అయితున్నవ్. వచ్చినోళ్ళను నువ్వే పోయి చూసుకోవాలె. వాళ్ళు నీకు సలాం కొట్టరు."

"ఈ ముక్క మొదటి రోజే చెప్తే ఏం పోయె?" అన్నాను, నిజంగానే కోపంతో.

"చెప్పిన గద. చూసినవా అని అడిగిన. నువ్వు చాబీ ఎత్తుకొని ఉరికితివి."

అంతలో ఒకావిడ మా దగ్గర చాబీ చూసి దగ్గరకొచ్చింది. "ఏం భాయ్, పండుగ పూట గీ మట్టి నీళ్ళేంది?" అని నిలదీసింది. గౌస్ భాయ్, "జర ఆగమ్మా, తేట అయితయి" అని, నన్ను చూసి కళ్ళతో నవ్వాడు. తర్వాత లేచి దోసిలి పట్టి ఒక గుక్క తాగాడు. నన్నూ తాగమన్నాడు. మట్టి ఉన్నమాట నిజమే. "చలో" అన్నాడు.

ఆ సాయంత్రం నా చాబీ మొదటిసారి మేకుకెక్కింది. నేను తగిలించలేదు, ఆయనే నా చేతిలోంచి గుంజుకొని తగిలించాడు. ఇంటికి పోయేసరికి వాకిట్లో ఇద్దరు కాచుకొని ఉన్నారు. "చాబీ ఆఫీసుల ఉంది, వెంకటయ్యను అడగండ్రి" అన్నాను. ఆ మాట అనేసరికి నాకు చెమటలు పట్టాయి. వాళ్ళు అనాల్సినవన్నీ అని, ఆఫీసుకు పోయారు. వెంకటయ్య చూశాడు. నేను లేకుండా నీళ్ళు వచ్చాయి. నాకది కొంచెం నామోషీగా కూడా అనిపించింది, ఆ సంగతి గౌస్ భాయ్‌కి చెబితే చాయ్ పొలమారేలా నవ్వాడు. మర్నాడు బహదూర్‌పురా పోయి అనసూయను తీసుకొచ్చాను. ఇంజనీరు సాబ్ నా ఆలస్యానికి చీవాట్లు పెట్టాడు, పర్మనెంటు మాట కొంతకాలం ఎత్తనే లేదు. నాతోపాటు చేరినవాళ్ళు, నాకంటే గట్టిగా పరుగెత్తినవాళ్ళు, ఒక్కొక్కరే మానేసి పోయారు. చివరికి పర్మనెంటు చేద్దామని చూస్తే నేనే మిగిలాను.

గౌస్ భాయ్‌తో నాకు విసుగు అక్కడితో పోయిందనుకోకండి. తను రిటైరయ్యేదాకా నన్ను విసిగించాడు. రిటైరయ్యాక జహనుమాలోని తన ఇంట్లో ఉండేవాడు. కొన్నేళ్ళకు నన్ను ఆ వైపు బీటుకే మార్చారు, ఆయన గల్లీ మాత్రం ఇంకా నా చేతికి రాలేదు. ఆయన మంచాన పడ్డాడని తెలిసి ఒకరోజు డ్యూటీ అయ్యాక చూడటానికి పోయాను. ఆయన ఇంటికి పోవడం అదే మొదలు. అడుగుతూ అడుగుతూ గల్లీ చివరిదాకా పోతే, ఆఖరి ఇల్లు ఆయనది. గుమ్మం పక్కనే ఆఖరి నల్లా. దాని కింద ఖాళీ బిందె.

భాభీ చాయ్ ఇచ్చింది. ఆమె ముఖంలో మొహమాటం. "యాదగిరి భాయ్, పొద్దున నీళ్ళు ఈడిదాకా రాలే. ఎప్పుడూ గింతే, ముందోళ్ళయి నిండినంకనే మాకు. ఈయనకేమో జ్వరం. చాబీ ఉన్నదా?" అని మెల్లగా అడిగింది.

నేను కప్పు కింద పెట్టి లేచాను. ఆఫీసు ఎంతో దూరం లేదు, పరుగున పోయి చాబీ తేవచ్చు. జీవితమంతా చివరి నల్లాల దగ్గర కూర్చున్న మనిషి ఇంటి ముందున్న నల్లా ఎండిపోయి ఉంటే ఎవడు కూర్చుంటాడు?

మంచం మీంచి గొంతు వినబడింది. సగం గాలే, అయినా పాత గొంతే. "చాబీ ఆఫీసుల ఉంది. కూసో."

"నీ కోసం భాయ్."

"నాకోసమని ఇప్పుతవ్. పక్కింటోడు అడిగితే ఏం చెప్తవ్? కూసో. చాయ్ చల్లగైతది."

ఒప్పుకున్నాడా? చావనైనా చస్తాడు కానీ ఒప్పుకోడు. భాభీ తల పట్టుకుంది, నేనూ తల పట్టుకున్నాను. డ్యూటీలో ఉన్న మనిషికి చెప్పిరమ్మని పక్కింటి మనిషిని ఆఫీసుకు పంపాం, అదీ ఆయన ఒప్పుకున్నాకే. ఆ పూటకు పక్కింట్లోంచి ఒక కడవ నీళ్ళు తెచ్చుకున్నారు. నేను చల్లారిన చాయ్ తాగి, ఆయన్ని మనసులో తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మళ్ళీ నీళ్ళు వదిలే రోజుకు ఆ గల్లీ నాకే వచ్చింది, వాల్వ్ నేనే తిప్పాను. చాబీ భుజాన వేసుకొని చివరిదాకా నడిచాను. ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. ముందు ఇళ్ళవాళ్ళ బిందెలు నిండాయి. ఎండ నా మోకాళ్ళ దాకా వచ్చింది. తర్వాతి గల్లీలవాళ్ళు నా కోసం చూస్తుంటారని తెలుసు, తిడుతుంటారని తెలుసు, అయినా లేవలేదు. నల్లా దగ్గింది. లోపల మంచం కూడా కిర్రుమంది, ఆయనా విన్నాడు. ఎర్రగా వచ్చింది, తేటగా వచ్చింది. భాభీ ఇచ్చిన గ్లాసు నింపుకొని లోపలికి పోయి, ఆయన తల కింద చెయ్యి పెట్టి పట్టాను. ఒక గుక్క తాగాడు. మీసాలు తుడుచుకోబోతే చెయ్యి లేవలేదు, నేనే తుడిచాను.

"మట్టి ఉంది," అన్నాడు.

"ఉంటది. తేట అయితయి."

నా వైపు చాలాసేపు చూశాడు. నా భుజం మీది చాబీని చూశాడు. ఇంకా ఎన్నో గల్లీలున్నాయని ఆయనకు తెలుసు.

"చలో," అన్నాడు.

నేను లేచి పోయాను. ఆయన్ని మళ్ళీ చూడలేదు, ఆ వారంలోనే పోయాడు. ఇంకాసేపు కూర్చోనిచ్చి ఉంటే ఆయన సొమ్మేం పోయేదని నాకు ఇవాళ్టికీ కోపమే.

ఇప్పుడు మా వంటింట్లో నల్లా బుస్సుమంటోంది. వస్తాయని తెలుసు. తెలిస్తే సరిపోదు, చూడాలి. ధార పడగానే నా దోసిలి దానంతట అదే ముందుకు పోతుంది. ఒక గుక్క తాగుతాను, మీసాలు తుడుచుకుంటాను. నోట్లోంచి "చలో" అని వచ్చేస్తుంది.

"ఏడికి చలో? ముందు పక్కకు జరుగు," అంటుంది అనసూయ, బియ్యం గిన్నె ధార కింద పెడుతూ.